గోడలో దాగే తలుపా, బందుల తలుపా?



ఇల్లు కట్టుకునేవాళ్ళు సింహద్వారం గురించి పదిమందిని అడుగుతారు. దిక్కు చూస్తారు, కలప చూస్తారు. ముహూర్తం పెట్టించి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి మరీ ద్వారబంధం నిలబెడతారు. లోపలి గదుల తలుపుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క మాటతో తేల్చేస్తారు: "మూడడుగులవి పెట్టెయ్ మేస్త్రీ!" నిన్నమొన్నటిదాకా అలాగే నడిచింది. ఎంచుకోవడానికి ఇంకో రకం మన ఊళ్ళలో లేదు మరి. తలుపంటే ద్వారబంధానికి బందులతో బిగించి, ఒకవైపుకు తెరుచుకునేదే.

ఇప్పుడు ఇంకో రకం వచ్చింది. పక్కకి జరిపితే గోడలోకి దూరిపోయి, కంటికి కనపడకుండా పోయే తలుపు. ఇంటీరియర్ పనివాళ్ళు దీన్ని పాకెట్ డోర్ అంటున్నారు. అమెరికాలో పిల్లల దగ్గర నాలుగు నెలలుండి వచ్చిన పెద్దవాళ్ళు అక్కడ చూసి వస్తున్నారు. కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న దంపతులు ఫోన్లో ఇళ్ళ వీడియోలు చూసి అడుగుతున్నారు. "పాత పద్ధతి తలుపు మంచిదా, ఈ గోడలో దాగే తలుపు మంచిదా?" అని. ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

జవాబు ముందే చెప్పేస్తాను. తలుపు అందం చూసి ఎంచుకోకండి, ఆ తలుపు రోజు ఎలా గడుస్తుందో చూసి ఎంచుకోండి. ఇరవై నాలుగు గంటల్లో అది ఎక్కువసేపు తెరిచి ఉంటుందా, మూసి ఉంటుందా? రోజంతా తెరిచే ఉండి, ఎప్పుడో కాసేపు మూయాల్సి వచ్చే చోట గోడలో దాగే తలుపు బాగుంటుంది. మూసినప్పుడు గట్టిగా మూసుకోవాల్సిన చోట బందుల తలుపును మించింది లేదు. ఇక మీదట చెప్పబోయేదంతా ఈ మాటకు వివరణే.

ముందు ఈ రెండో తలుపు ఎలా పనిచేస్తుందో చూద్దాం. గుమ్మం పైభాగంలో అడ్డంగా ఒక లోహపు పట్టా ఉంటుంది. అది గుమ్మం వెడల్పుతో ఆగదు, పక్క గోడ లోపలిదాకా సాగుతుంది. తలుపు రెక్క పైఅంచుకు చిన్న చక్రాలు బిగించి, వాటిని ఆ పట్టాకు వేలాడదీస్తారు. బరువంతా పైనే. కింద నేల మీద, రెక్క ఊగకుండా పట్టి ఉంచడానికి ఒక చిన్న ముక్క ఉంటుంది, అంతే. తోసినప్పుడు రెక్క గోడ మధ్యలో వదిలిన సందులోకి వెళ్ళిపోతుంది. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పున్న మామూలు ఫ్లష్ డోర్ సుమారు 35 కిలోలుంటుంది. అంత బరువును రోజూ మోయాల్సింది ఆ చిన్న చక్రాలే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఇదేమీ నిన్న పుట్టిన ఆలోచన కాదు. జపాన్ పాతకాలపు ఇళ్ళలో వాన నుంచీ గాలి నుంచీ కాపాడే చెక్క తలుపులుంటాయి. వాటిని అమాడో అంటారు. రాత్రి పూట, తుఫాను వేళ వాటిని వరసగా జరిపి మూస్తారు. తెల్లవారాక ఒక్కొక్కటే జరిపి, గోడ పక్కనున్న చెక్కపెట్టె లాంటి అరలోకి తోసేస్తారు. ఆ అర పేరు తోబుకురో. అమెరికాలో 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో కట్టిన పెద్ద ఇళ్ళలో ముందు హాలుకీ వెనక హాలుకీ మధ్య గోడలోకి జరిగే జంట తలుపులు పెట్టేవాళ్ళు. చుట్టాలొచ్చి విందు జరిగితే రెండు హాళ్ళనూ కలిపేసేవాళ్ళు, లేనప్పుడు విడదీసేవాళ్ళు. ఆ పాత ఇళ్ళను బాగుచేయించుకునేవాళ్ళకు, ఎప్పుడో పైన గోడ కప్పేయగా లోపలే ఉండిపోయిన తలుపులు ఇప్పటికీ బయటపడుతుంటాయి. ఈ రెండు చోట్లా ఒక పోలిక ఉంది. పగలంతా కనపడక్కర్లేని తలుపు, ఎప్పుడో అవసరమొచ్చే తలుపు. వాటి కోసమే గోడలో చోటు చేశారు.

మరి అమెరికాలో అంత సులువుగా కుదిరేది మన దగ్గర ఎందుకు కుదరదు? సమస్య తలుపులో లేదు, గోడలో ఉంది. అక్కడ ఇంటి లోపలి గోడ చెక్క నిలువు బద్దలతో కడతారు. బద్ద మందం మూడున్నర అంగుళాలు. దానికి అటూ ఇటూ అర అంగుళం జిప్సం బోర్డు. మొత్తం నాలుగున్నర అంగుళాలు. మన గదుల మధ్య కట్టే సగం ఇటుక గోడ కూడా నాలుగున్నర అంగుళాలే, సిమెంటు పూత కలిపితే ఇంకాస్త. మందం ఇంచుమించు ఒకటే. కాకపోతే వాళ్ళ గోడ లోపల డొల్ల, మన గోడ లోపల ఇటుక. తలుపు దూరడానికి వాళ్ళకు చోటు ముందే ఉంది, మనం చేయాలి.

చేయడానికి రెండు దారులున్నాయి. ఇల్లు ఇంకా కట్టకముందే అయితే, ఆ భాగంలో ఇటుక వదిలేసి, ఇనుప చట్రం నిలబెట్టి, రెండు వైపులా సిమెంటు బోర్డో జిప్సం బోర్డో బిగించవచ్చు. కట్టేసిన ఇంట్లో అయితే ఉన్న గోడకు ముందు ఇంకో పలచని గోడ లేపి, మధ్యలో తలుపు దూరేలా చూడాలి. ఈ రెండో దారిలో గదిలోంచి నాలుగు అంగుళాలు పోతాయి. 7 అడుగుల పొడవున నాలుగు అంగుళాలంటే రెండు చదరపు అడుగుల పైచిలుకు. చోటు మిగుల్చుకోవడానికి పెట్టే తలుపు, ముందు కొంత చోటు తినేస్తుందన్నమాట.

ఇంకొన్ని చిక్కులున్నాయి. మూడడుగుల తలుపు దాక్కోవాలంటే గుమ్మం పక్కన మరో మూడడుగుల పైన ఖాళీ గోడ కావాలి. ఆ గోడలో కాంక్రీటు స్తంభం ఉండకూడదు. నీళ్ళ గొట్టాలుండకూడదు. కరెంటు పైపులూ స్విచ్ బోర్డులూ ఉండకూడదు. మన ఇళ్ళలో స్విచ్ బోర్డు సరిగ్గా గుమ్మం పక్కనే ఉంటుంది, చీకట్లో చెయ్యి పెట్టగానే అందాలని. దాన్ని రెండో పక్కకి మార్చాలి. ఆ తర్వాత ఆ గోడకు పొడవాటి మేకు కొట్టడానికి కూడా వీల్లేదు. పెళ్ళి ఫోటో తగిలిద్దామని మేకు కొడితే అది లోపల తలుపుకు దిగుతుంది.

హైదరాబాద్‌లోనూ ఇతర నగరాల్లోనూ ఈ మధ్య కడుతున్న పెద్ద పెద్ద టవర్లలో అల్యూమినియం అచ్చులు పెట్టి, గోడలూ శ్లాబూ కలిపి కాంక్రీటుతో పోస్తున్నారు. మైవాన్ పద్ధతి అంటారు దాన్ని. ఆ ఇళ్ళలో గోడలే భవనం బరువు మోస్తాయి. అలాంటి గోడను తలుపు కోసం కొట్టడం అంటే పై అంతస్తులవాళ్ళ ప్రాణాలతో చెలగాటమే. ఎవరెంత ధీమాగా చెప్పినా, స్ట్రక్చరల్ ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఉలి పెట్టనివ్వకండి.

ఇప్పుడు లాభం ఎంతో లెక్క వేద్దాం. బందుల తలుపు తెరుచుకునేటప్పుడు నేల మీద పావు చక్రం గీస్తుంది. ఆ పావు చక్రంలో కుర్చీ వేయలేం, బల్ల పెట్టలేం. మూడడుగుల తలుపైతే ఆ చోటు 7 చదరపు అడుగులు. రెండున్నర అడుగుల తలుపైతే సుమారు 5. పదకొండు అడుగులూ పదడుగులూ ఉన్న పడకగదిలో 7 చదరపు అడుగులు పోవడం పెద్ద లెక్కలోది కాదు. అదే నాలుగడుగులూ ఏడడుగులూ ఉన్న స్నానాలగదిలో? మొత్తం 28 చదరపు అడుగులు. అందులో 5 చదరపు అడుగులు తలుపుకే పోతాయి. తలుపు తెరిస్తే కమోడ్‌కు తగులుతుంది, మూసుకుంటేగానీ బకెట్టు పెట్టుకోవడానికి ఉండదు. కాబట్టి గది ఎంత చిన్నదైతే జరిపే తలుపు వల్ల లాభం అంత పెద్దది.

అయితే బందుల తలుపు ఆ చోటును పూర్తిగా వృథా చేస్తుందని అనుకోవద్దు. మన ఇళ్ళలో తలుపు వెనక ఏముంటుందో ఒకసారి చూడండి. కొక్కేలు. వాటికి రేపు వేసుకోవాల్సిన చొక్కా, తువ్వాలు, గొడుగు, బడి సంచి, తాతగారి కండువా. బయటివాళ్ళొస్తే తలుపు తెరిచి గోడకు ఆనిస్తే అవేవీ కనపడవు. గోడలో దాగే తలుపుకు వెనక అనేదే లేదు. రెక్కకు కొక్కెం బిగిస్తే లోపలికి దూరదు. అంటే ఆ బట్టలన్నిటికీ ఇంకో చోటు చూసుకోవాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, రోజూ ఇబ్బంది పెట్టేవి ఇలాంటివే.

ఇక శబ్దం సంగతి. బందుల తలుపు మూసినప్పుడు ద్వారబంధానికి చెక్కిన మెట్టు మీద మూడు వైపులా వచ్చి ఆనుతుంది. నొక్కి గడియ పెడితే బిగుసుకుంటుంది. జరిపే తలుపు అలా ఆనకూడదు, ఆనితే జరగదు. కాబట్టి రెక్కకు రెండు పక్కలా సందు వదలక తప్పదు. గాలి పోయే దారిలోనే శబ్దమూ పోతుంది, వాసనా పోతుంది. హాల్లో టీవీ మోగుతుంటే పడకగదిలో పరీక్షలకు చదువుకునే పిల్లకు తేడా వెంటనే తెలుస్తుంది. వేసవిలో రాత్రంతా ఏసీ వేసుకునే ఇంట్లో ఆ సందుల్లోంచి చల్లదనం బయటికి పోతుంది, కరెంటు బిల్లులో కనపడుతుంది. బ్రష్షు లాంటి పట్టీలు అంటిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. గడియ విషయమూ అంతే. జరిపే తలుపుకు మామూలు బోల్టు పనికిరాదు, కొక్కెంలా వెళ్ళి పట్టుకునే ప్రత్యేకమైన తాళం కావాలి. స్నానాలగది గడియ స్థాయికి అది చాలు. నగలూ డబ్బూ ఉన్న గదికి నేనైతే చాలదంటాను.

మరమ్మతు సంగతి చెప్పుకోకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. శ్రావణ భాద్రపదాల్లో చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది. బందుల తలుపు నేలకు రాసుకుంటే వడ్రంగి వచ్చి, స్క్రూలు విప్పి, రెక్క పడుకోబెట్టి, అంచుకు చిత్రిక పట్టి మళ్ళీ బిగించి వెళ్తాడు. స్క్రూ రంధ్రం వదులైతే అందులో ఒక అగ్గిపుల్ల దూర్చి స్క్రూ తిప్పితే పట్టుకుంటుంది. కీచుమంటే రెండు చుక్కల కొబ్బరినూనె వేస్తాం. ఈ పనులు తెలిసినవాడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. గోడలోని తలుపు ఒంకరపోయినా, చక్రం పట్టా తప్పినా, ఏమైందో కంటికి కనపడదు. తెలిసిన పనివాడు దొరకాలి, అదే కంపెనీ చక్రాలు దొరకాలి. సరిగ్గా బిగించనిదైతే బోర్డు కొట్టి గోడ విప్పాలి. ఇందాక చెప్పిన 35 కిలోల బరువును గుర్తు చేసుకోండి. అంత బరువు మోసే చక్రాల దగ్గర నాలుగు వందలు మిగుల్చుకుంటే, తర్వాత గోడ పగలగొట్టే కూలీ ఇచ్చుకోవాలి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి మామూలు ఇనుప చక్రాలు తుప్పు పడతాయి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు వాడాల్సిందే. ఇక ఆ చీకటి సందులో దుమ్ము, బొద్దింకలు, చెదలు. చీపురు వెళ్ళని చోటది.

ఇంతసేపూ బందుల తలుపు పక్షాన మాట్లాడినట్టుంది. ఇప్పుడు రెండో పక్షం నుంచి, అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి చెబుతాను. ఇంట్లో పెద్దవాళ్ళుంటే స్నానాలగది తలుపు గురించి ఇవాళే ఆలోచించండి. మన స్నానాలగదుల తలుపులు చాలావరకు లోపలికి తెరుచుకుంటాయి. లోపల మనిషి కాలుజారో కళ్ళు తిరిగో పడిపోతే, ఆ మనిషి శరీరమే తలుపుకు అడ్డమవుతుంది. బయటినుంచి ఎంత తోసినా రాదు. గట్టిగా తోస్తే పడినవాళ్ళకే దెబ్బ. పక్కకి జరిగే తలుపుకు ఈ ప్రమాదం లేదు. బయటికి తెరుచుకునే బందుల తలుపుకూ లేదు. గడియ మాత్రం, అవసరమైతే బయటినుంచి నాణెంతోనో స్క్రూడ్రైవరుతోనో తిప్పి తీయగలిగేది పెట్టించండి.

చక్రాల కుర్చీ వాడాల్సి వచ్చినా ఇదే మాట. దివ్యాంగులకు అనువైన కట్టడాల కోసం కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం గుమ్మంలో అడ్డులేని దారి కనీసం 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 3 అడుగులు ఉండాలి. మన స్నానాలగదులకు పెట్టేది రెండున్నర అడుగుల తలుపు. కమ్మీల మందం పోగా దారి ఇంకా సన్నబడుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి బందుల తలుపును తనవైపు లాక్కుంటూ వెనక్కి జరగడం ఎంత కష్టమో ఒక్కసారి ఊహించండి. తలుపు పక్కకి జరిగేదైతే ఉన్నచోటనే కూర్చుని తోసుకోవచ్చు. పైన వేలాడేది కాబట్టి నేల మీద గాడి అక్కర్లేదు, కాలికీ చక్రానికీ ఏదీ తగలదు. వేళ్ళు వంగని కీళ్ళవాతం మనుషులకు మాత్రం లోతుగా చెక్కిన చిన్న గుంత పిడి పట్టుకోవడం కష్టం. వాళ్ళ కోసం రెక్క పూర్తిగా లోపలికి పోకుండా మూడు నాలుగు అంగుళాలు బయట ఆపి, దానికి నిలువు పిడి బిగించాలి. ఆ మేరకు గుమ్మం వెడల్పు ముందే ఎక్కువ పెట్టుకోవాలి.

అయితే స్నానాలగది గోడలోనే నీళ్ళ గొట్టాలుంటాయి కదా, తలుపు ఎక్కడ దూరుతుంది అంటారా? నిజమే. అలాంటప్పుడు మధ్యేమార్గం ఉంది. తలుపును గోడలోకి పంపకుండా, గది బయటివైపు గోడ మీదుగా పక్కకి జరిగేలా వేలాడదీయవచ్చు. గోడ కొట్టక్కర్లేదు, చక్రాలు కళ్ళెదుటే ఉంటాయి, పాడైతే ఎవరైనా సరిచేయగలరు. తలుపు జరిగే మేర గోడకు బీరువా ఆనించకుండా ఉంటే చాలు. చాలా ఇళ్ళలో పాకెట్ డోర్ కావాలని అడిగేవాళ్ళకు నిజంగా కావాల్సింది ఇదే.

ఇప్పుడు గదుల వారీగా తేల్చుకుందాం. సింహద్వారం గురించి చర్చే లేదు. బలమైన చట్రం, గడప, బందులు, మంచి తాళం. దానికి పండగనాడు తోరణం కట్టాలి, శుక్రవారం గడపకు పసుపు రాయాలి, రాత్రి నిశ్చింతగా నిద్రపోవాలి. జనం తప్పించుకుని బయటపడాల్సిన ద్వారాలకు జరిపే తలుపులు వద్దని మన జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా చెబుతుంది. మంటలూ పొగా కమ్ముకున్నప్పుడు కంగారులో మనిషి తలుపును ముందుకు తోస్తాడే గానీ పక్కకి జరపాలని తట్టదు.

పడకగదులకు బందుల తలుపే. రాత్రంతా మూసి ఉండేది, మాటా వెలుతురూ ఆపాల్సింది అదే కాబట్టి. వంటింటికీ భోజనాల గదికీ మధ్య మాత్రం గోడలో దాగే తలుపు చక్కగా కుదురుతుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ దారి తెరిచే ఉంటుంది, రెండు చేతులా గిన్నెలతో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాం. ఎండుమిరపకాయల పోపు పెట్టినప్పుడు, చేపలు వేయించేటప్పుడు ఓ పది నిమిషాలు జరిపి మూస్తే చాలు. హాలుకూ భోజనాల గదికీ మధ్య కూడా అంతే. పూజగదికీ బాగుంటుంది. రెండు పక్కలా చెరో అడుగున్నర రెక్క లోపలికి పోతే, వ్రతం నాడు ముందు కూర్చున్నవాళ్ళందరికీ అడ్డులేకుండా దేవుడు కనపడతాడు. బట్టలు మార్చుకునే చిన్న గది, సామాన్ల కొట్టు లాంటివి ఎటైనా సరే.

మనలో చాలామంది పగలంతా గది తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి ఒక తెర వేలాడదీసి ఉంచుతాం. ఆ గుమ్మానికి తలుపు మార్చడమే దండగ, కాస్త మంచి తెర కొనుక్కుంటే సరిపోతుంది.

గోడలో దాగే తలుపే పెట్టించుకుందామని నిర్ణయించుకున్నవాళ్ళకు నాలుగు జాగ్రత్తలు. ఒకటి, గోడ కట్టకముందే, అంటే ప్లాను దశలోనే మేస్త్రికీ కరెంటు పనివాడికీ వడ్రంగికీ ముగ్గురికీ కలిపి చెప్పండి. రెండు, తలుపు బరువు తూయించి, అంతకంటే బాగా ఎక్కువ మోయగల పట్టా, చక్రాలు తీసుకోండి. మూడు, గుమ్మం పక్కనున్న చెక్క బీడింగును జిగురుతో అంటించనివ్వకండి, స్క్రూలతోనే బిగించమనండి. రేపు చక్రం పాడైతే ఆ బీడింగు విప్పి రెక్కను బయటికి తీయొచ్చు, గోడ పగలదు. నాలుగు, రెక్క తిన్నగా ఉండే కలపతోనో మంచి ఫ్లష్ డోర్‌తోనో చేయించండి. పచ్చి చెక్క ఒంకరపోతే గోడలో ఇరుక్కుంటుంది.

వీలైతే ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో ఏ తలుపు రోజుకు ఎంతసేపు మూసి ఉంటుందో గమనించి ఒక కాగితం మీద రాయండి. ఇంటీరియర్ పనివాడి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళండి. మూసి ఉండే తలుపులకు బందులు, తెరిచి ఉండే తలుపులకు కావాలంటే గోడలో చోటు. ఇంట్లో డెబ్బై దాటినవాళ్ళుంటే మాత్రం, మిగతావన్నీ పక్కనబెట్టి, స్నానాలగది తలుపు లోపలికి తెరుచుకోకుండా ముందు మార్పించండి. అందానికి పెట్టే ఖర్చు తర్వాతయినా పెట్టొచ్చు.